ఆకాశం వచ్చిన ఫ్రేముల్లోనే చారలు: ఇంట్లో కడిగిన ఫిల్ము, ఏం తప్పు చేస్తున్నాను?

మొదటిరోల్:
అందరికీ నమస్కారం. పేరు మొదటిరోల్ అని పెట్టుకున్నాను గానీ ఇప్పుడు కడిగింది నాలుగోది. ఇల్‌ఫర్డ్ కంపెనీ నలుపు తెలుపు ఫిల్ము హెచ్‌పీ5 ప్లస్, 35 ఎంఎం, 400 స్పీడు దగ్గరే తీశాను. డీ-76 డెవలపర్‌లో (ఫిల్ము మీద బొమ్మ తేల్చే కోడాక్ మందు) సగానికి సగం నీళ్లు కలిపి, 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు కడిగాను. బొమ్మలు పదునుగానే ఉన్నాయి. కానీ ఆకాశం పడిన ప్రతి ఫ్రేములోనూ నిలువు చారలు. చెట్లు, జనం, ఇటుక గోడ ఉన్నచోట ఏమీ తెలియదు. ఖాళీ ఆకాశమో సున్నం గోడో వచ్చిందంటే చాలు, తడి మట్టి మీద దువ్వెనతో గీసినట్టు కనిపిస్తున్నాయి.

రెండు స్కాన్లు పెడుతున్నాను. మొదటి రెండు రోల్స్‌లో ఇవి లేవు. కెమెరా అదే, కెమికల్స్ అవే, ఫిల్మును రీల్‌కి చుట్టి కడిగే ట్యాంక్ అదే. రేపో ఎల్లుండో ఒక ముఖ్యమైన రోల్ కడగాలి, అందుకే ఈ టెన్షన్.

లైట్‌మీటర్:
నూటికి నూరు పాళ్లు లైట్ లీక్, కెమెరాలోకి ఎక్కడో వెలుతురు దూరుతోంది. పాత కెమెరా అయితే వెనక తలుపు గాడిలో ఉండే నల్ల ఫోమ్ జిగురుగా అయిపోయి ఉంటుంది. అది గీకేసి కొత్తది అతికించండి. నాకూ అచ్చం ఇలాగే వచ్చింది.

లూప్‌కన్ను:
ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టుంది. ముందు నెగటివ్ చూడనివ్వండి, తర్వాత ఫోమ్ గీకుదాం.

మొదటిరోల్ గారూ, స్కాన్లు పక్కన పెట్టండి. స్కానర్ మన మీద ప్రేమతో కాంట్రాస్ట్ పెంచి, అంచులు కత్తిరించి ఇస్తుంది. మనకు కావలసిన సాక్ష్యమేమో ఆ అంచుల్లోనే ఉంటుంది. ఫోన్‌లో తెల్లటి స్క్రీన్ పెట్టి, నెగటివ్‌ని దానికి ఆనించకుండా బెత్తెడు ఎత్తులో పట్టుకుని భూతద్దంతో చూడండి. ఫ్రేము బయట, ఫిల్ము అంచుల వెంట వరసగా ఉండే రంధ్రాల్లో, రంధ్రానికీ రంధ్రానికీ మధ్య కొంచెం జాగా ఉంటుంది కదా, అది నల్లబడిందా, తేటగా ఉందా? దొంగచాటుగా దూరిన వెలుతురు ఫ్రేము గీత దగ్గరకొచ్చి మర్యాదగా ఆగిపోదు. లోపలా బయటా ఒకటే చేస్తుంది.

రెండోది, చారలు లెక్కపెట్టండి. 35 ఎంఎం ఫిల్ము మీద రంధ్రం నుంచి రంధ్రానికి 4.75 మిల్లీమీటర్లు. ఒక ఫ్రేము జరగాలంటే ఎనిమిది రంధ్రాలు, అంటే 38 మిల్లీమీటర్లు జరగాలి. ఫ్రేము వెడల్పులో ఎనిమిది చారలు ఉంటే వాటి పుట్టిల్లు రంధ్రాలే.

లైట్‌మీటర్:
రంధ్రాల గుండా కూడా వెలుతురు దూరుతుంది కదండీ? చుట్ట మీద చుట్ట ఉన్నప్పుడు పై పొర రంధ్రాల నుంచి కింది పొర మీద పడితే అవే ఎనిమిది మచ్చలు వస్తాయి.

లూప్‌కన్ను:
వస్తాయి, ఒప్పుకుంటాను. కానీ అప్పుడు ఆ మచ్చలు రంధ్రాల ఆకారంలోనే గుండ్రటి మూలలతో ఉంటాయి, ఒక్కోసారి కిందా పైనా జరిగి పడతాయి, ఫ్రేము బయట అంచు కూడా మసకేస్తుంది. అందుకే అంచు చూడమన్నాను.

మొదటిరోల్:
చూశాను. రంధ్రాల మధ్య గాజులా తేటగా ఉంది. కంపెనీ వాళ్లు అంచున ముద్రించిన పేరు, ఫ్రేము అంకెలు చిక్కటి నలుపు. చారలు లెక్కపెట్టాను, సరిగ్గా ఎనిమిది. రెండుసార్లు లెక్కపెట్టాను, నమ్మకం కుదరక.

స్కాన్‌రాజా:
స్కానర్ సెన్సర్ మీద దుమ్ము ఉన్నా గీతలు వస్తాయి, అదీ చూసుకోండి.

లూప్‌కన్ను:
ఆ గీత స్కేలు పెట్టి గీసినట్టు సన్నగా, ప్రతి స్కాన్‌లో ఒకే చోట ఉంటుంది. ఆయనకు నెగటివ్ మీదే కనబడుతున్నాయి కాబట్టి దాన్ని వదిలేద్దాం. గుడ్డ పరదా షట్టర్ సరిగా తెరుచుకోకపోయినా పట్టీ వస్తుంది, కానీ ఒకటే వస్తుంది, అదీ ఫ్రేముకు ఒక పక్కన. ఎనిమిది రావు.

అంకెలు చిక్కగా ఉన్నాయంటే డెవలపర్ బతికే ఉంది. కాబట్టి మిగిలింది మీ చేయి. ట్యాంక్‌ని ఎలా కదిపారు? ఎన్ని మిల్లీలీటర్లు పోశారు?

ఇంకొకటి. మీరు పెట్టిన రెండు ఫొటోలూ ఒకే రోల్‌వేనా? మొదటిదాంట్లో చారలు ముదురుగా ఉన్నాయి, ఒక్క అంచు నుంచే మొదలై ఫ్రేము నడుమ దాకా జారాయి. రెండోదాంట్లో తెల్లగా, పొట్టిగా, రెండు అంచుల్లోనూ రంపపు పళ్లలా ఉన్నాయి. ఇవి ఒకే జబ్బు కావు.

మొదటిరోల్:
దొరికిపోయాను. మొదటి ఫొటో మూడో రోల్‌ది, రెండోది నాలుగో రోల్‌ది. చారలు చారలే కదా అని కలిపి పెట్టేశాను, క్షమించాలి.

అసలు సంగతి చెప్తాను. మొదటి రెండు రోల్స్‌కి ఇల్‌ఫర్డ్ వాళ్లు చెప్పినట్టు మొదటి పది సెకన్లలో నాలుగుసార్లు ట్యాంక్ తలకిందులు చేశాను, ఆపైన ప్రతి నిమిషం మొదట్లో మళ్లీ నాలుగుసార్లు. మూత పక్కనుంచి డెవలపర్ కారి చొక్కా పాడైంది. అందుకని మూడో రోల్‌కి తలకిందులు చేయడం మానేసి, ట్యాంక్‌తో వచ్చిన పుల్లతో రీల్‌ని తిప్పాను. నిమిషానికి రెండు మెలికలు, అదీ మెల్లగా. చారలు వచ్చాయి. కలపడం చాలలేదేమో అనుకుని నాలుగో రోల్‌కి మూత బిగించి, ముప్ఫై సెకన్లకోసారి, మజ్జిగ చిలికినట్టు గిలకొట్టాను.

290 మిల్లీలీటర్లే పోశాను. రెండు రీల్స్ పట్టే ట్యాంక్, అందులో ఒక్క రీల్.

గ్రెయిన్‌పిచ్చి:
"మజ్జిగ చిలికినట్టు". ఇంకేం కావాలి, కేసు మూసేయొచ్చు.

లూప్‌కన్ను:
అంత తొందరొద్దు. రెండో ఫొటో వరకు అయితే నిజమే. ఒకే లయలో గట్టిగా ఊపినప్పుడు డెవలపర్ రంధ్రాల్లోంచి జెట్‌లా దూసుకొస్తుంది. రంధ్రం ఎదురుగా ఉన్న ఎమల్షన్‌కి (ఫిల్ము మీది వెండి పూత) నిమిష నిమిషానికీ తాజా డెవలపర్ అందుతుంది, పక్కదానికి అంత అందదు. అక్కడ నెగటివ్ ఎక్కువ చిక్కబడుతుంది, పాజిటివ్‌లో తెల్ల పళ్లు. రెండు అంచులా రంధ్రాలు ఉంటాయి కాబట్టి రెండు అంచులా వస్తాయి.

మొదటి ఫొటో కథ దీనికి తిరగేసి. వెలుతురు పడిన వెండి బ్రోమైడు వెండిగా మారేటప్పుడు బ్రోమైడు డెవలపర్‌లోకి విడుదలవుతుంది. అది డెవలప్‌మెంట్‌ని వెనక్కి లాగే పదార్థం. ట్యాంక్ నిలబెట్టి ఉన్నప్పుడు రీల్‌లో ఫిల్ము ఒక అంచు పైకి, ఒక అంచు కిందికి పెట్టి నిలబడి ఉంటుంది కదా. బ్రోమైడు నిండిన ద్రవం బరువెక్కి ఫిల్మును ఒరుసుకుంటూ కిందికి జారుతుంది, జారిన దారిలో డెవలప్‌మెంట్‌ని అణచేస్తుంది. అంచు దగ్గర రంధ్రాలున్న చోట ఒకలా, లేనిచోట ఒకలా జారేసరికి చారలు పడతాయి. దాన్నే బ్రోమైడ్ డ్రాగ్ అంటారు. భూమ్యాకర్షణ ఒకే దిక్కు కాబట్టి తోక కూడా ఒకే దిక్కు.

పుల్లతో తిప్పితే డెవలపర్ ఫిల్ము పొడవునా కదులుతుంది, కిందికీ పైకీ సరిగా కలవదు. నిమిషానికి రెండు మెలికలంటే దాదాపు కదపనట్టే.

గ్రెయిన్‌పిచ్చి:
ఈ తోక సంగతి నాకు అనుభవమే. రొడినాల్ అనే డెవలపర్, ఒక వంతుకు వంద వంతుల నీళ్లు కలిపి, గంటసేపు ముట్టుకోకుండా వదిలేసే పద్ధతి ఒకటుంది కదా, బద్ధకస్తుల స్వర్గం. 1891 నుంచి జనం వాడుతున్న మందు, మనకేమవుతుందిలే అనుకున్నా. రాత్రి తీసిన వీధి దీపం ఫొటో. నెగటివ్‌లో దీపం నల్లటి చుక్క, దాని నుంచి ఫ్రేము అంచు దాకా పలచటి తోక. ప్రింట్‌లో దీపం కింద నల్లటి పొగ వేలాడుతున్నట్టు వచ్చింది. చూసినవాళ్లంతా "భలే మూడ్ ఉంది" అన్నారు. నేను తల ఊపి ఊరుకున్నా.

థర్మామీటర్:
మా పద్ధతిలో అయితే ముందు అయిదు నిమిషాలు మామూలు నీళ్లలో నానబెడతాం. ఎమల్షన్ ఒకేలా ఉబ్బుతుంది, చారలు రావు. మొదటిరోల్ గారు అది ప్రయత్నించారా?

లూప్‌కన్ను:
నానబెట్టేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ ఇల్‌ఫర్డ్ వాళ్లు తమ ఫిల్ములకు దాన్ని సిఫారసు చేయరు. డెవలపర్ పోసిన మొదటి క్షణాల్లో పడే తేడాకు అది మందేమో గానీ, పదకొండు నిమిషాలూ చేసిన తప్పుకు కాదు. ఇప్పుడు దాన్ని కూడా కలిపితే ఏది పని చేసిందో మనకు తెలియదు. ఒకసారికి ఒక్కటే మార్చాలి.

పెద్దబాలశిక్ష:
హెచ్‌సీ-110 డెవలపర్ వాడితే నాలుగు నిమిషాల్లో అయిపోతుంది, ఇంత గొడవుండదు.

లూప్‌కన్ను:
గొడవ పెరుగుతుంది. అయిదు నిమిషాల లోపు సమయాలు వద్దని కోడాక్ వాళ్లు చెప్పేదే. పోయడానికి, పారబోయడానికి పట్టే పది పదిహేను సెకన్ల తేడా పదకొండు నిమిషాల్లో మునిగిపోతుంది, నాలుగు నిమిషాల్లో తేలుతుంది.

మొదటిరోల్:
అర్థమైంది. అయితే మళ్లీ మొదటి పద్ధతికి వెళ్లిపోతాను. కానీ ఆ ముఖ్యమైన రోల్ మీద ప్రయోగం చేయడానికి ధైర్యం చాలడం లేదు. ఊహ మీద నమ్మకం పెట్టి కడిగేసి, అప్పుడూ చారలు వస్తే?

లూప్‌కన్ను:
దాని మీద ఎందుకు? ఒక రోల్ గోడకు బలివ్వండి. మబ్బు పట్టిన వేళో నీడలోనో ఉన్న సాదా గోడ, ఫోకస్ పూర్తిగా తప్పించి, లెన్స్‌ను ఎఫ్/8 దాకా మూసి. తెరిచిన లెన్స్ మూలల్ని ముదురు చేస్తుంది, దాన్ని చారగా పొరబడతారు. మీటర్ చెప్పినదాని కంటే ఒకటిన్నర స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు) ఎక్కువ ఇవ్వండి, ఆకాశమంత దట్టంగా రావాలి. మొత్తం 36 అలాగే కాల్చేయండి.

చేంజింగ్ బ్యాగ్‌లో (చేతులు మాత్రమే దూరే, వెలుతురు చొరని సంచి) ఫిల్మును మూడు ముక్కలు చేయండి. ముందే ఒక దారాన్ని పన్నెండు ఫ్రేముల పొడవుకు, అంటే 46 సెంటీమీటర్లకు కత్తిరించి బ్యాగ్‌లో పెట్టుకుంటే చీకట్లో అదే కొలత. ఏ ముక్క ఏదో తెలియడానికి చివర్లో కత్తెరతో ఒకదానికి ఒక గాటు, రెండోదానికి రెండు, మూడోదానికి ఏమీ వద్దు. ఒక్కొక్క ముక్కను విడివిడిగా, ప్రతిసారీ కొత్త డెవలపర్‌తో, అదే 290తో కడగండి. ఒకటి పుల్లతో మెల్లగా. రెండోది మీ మజ్జిగ పద్ధతిలో. మూడోది నిమిషానికి నాలుగుసార్లు నిదానంగా తలకిందులు చేస్తూ, ప్రతిసారీ ట్యాంక్‌ని చేతిలో కాస్త తిప్పి పట్టుకుంటూ. ఒక్కో తిరగేతకు రెండు సెకన్లకు పైగా పట్టాలి. అయ్యాక బల్ల మీద రెండుసార్లు తట్టండి, బుడగలు వదిలిపోతాయి.

మొదటిరోల్:
మూడు రోజులు పట్టింది, కానీ వచ్చింది. మూడు ముక్కలూ ఆరాయి, పక్కపక్కన పెట్టి చూస్తున్నాను.

ఒక గాటుది (పుల్ల): పై అంచు నుంచి మొదలైన పలచటి చారలు, సగం దాకా వచ్చి కరిగిపోయాయి. కింది అంచు శుభ్రం. అచ్చం మూడో రోల్.

రెండు గాట్లది (మజ్జిగ): రెండు అంచుల్లోనూ చిక్కటి పళ్లు. చూపుడు వేలు గోరు పెట్టి కొలిచాను, ఒక్కో పన్ను గోరు అంచు మందం కంటే కొంచెం పొడవు. పన్నుకు ఎదురుగా రంధ్రం, రంధ్రానికి ఎదురుగా పన్ను. ఒక్కటీ తప్పలేదు.

గాటు లేనిది (నిదానంగా): పళ్లు లేవు, తోకలు లేవు. ఎగిరి గంతేద్దామనుకునే లోపు ఇంకోటి కనబడింది. ముక్క మొత్తం పొడవునా ఒక అంచు వెంట పలచటి గీత. నేరుగా లేదు, అల ఆకారంలో, చిన్న చిన్న చంద్రవంకలు పేర్చినట్టు. ఇదేంటి మళ్లీ?

గ్రెయిన్‌పిచ్చి:
ఒక జబ్బు పోతే గానీ రెండోది బయటపడదు!

లూప్‌కన్ను:
ఇది మిగతా రెండు ముక్కల్లోనూ ఉండే ఉంటుంది, పెద్ద చారల మాటున కనబడలేదు. మళ్లీ చూడండి. ఇక నాకు రెండు అనుమానాలు. ఒకటి 290. ఒక్క రీల్‌కి ట్యాంక్ అడుగున రాసి ఉన్న కొలత అదే, కానీ అది రీల్ మునగడానికి కనీసం. రెండు రీల్స్ ట్యాంక్‌లో ఒక్క రీల్ వేస్తే, తలకిందులు చేసినప్పుడు అది మధ్య కడ్డీ మీద పైకి జారుతుంది. ట్యాంక్ మళ్లీ నిలబెట్టాక కిందికి దిగకపోతే పై అంచు డెవలపర్ బయట ఎండుతూ కూర్చుంటుంది.

రెండోది: పారబోసేటప్పుడు డెవలపర్‌లో నురగ ఉందా?

మొదటిరోల్:
ఉంది! సబ్బు నీళ్లలా. డీ-76 అంటే అలాగే ఉంటుందేమో అనుకున్నాను.

లూప్‌కన్ను:
ఉండకూడదు. వెటింగ్ ఏజెంట్‌లో (నీటి చుక్కలు నిలవకుండా వాడే సబ్బులాంటి మందు) చివరి ముంచడం ఎలా చేస్తారు, ఫిల్ము రీల్‌కి ఉండగానేనా?

మొదటిరోల్:
అవును, ట్యాంక్‌లోనే పోస్తాను. సీసా మీద లీటరుకు 5 మిల్లీలీటర్లు అని ఉంటే, ట్యాంక్‌కి ఒక మూత పోస్తాను. మూతలో ఎంత పడుతుందో ఎప్పుడూ కొలవలేదు.

థర్మామీటర్:
ఇప్పుడే నా దగ్గర మూత కొలిచాను. సిరంజితో. మీరు పోసేది చెప్పినదానికి ఎన్నో రెట్లు ఉంటుంది బాబూ.

లూప్‌కన్ను:
దొరికింది. ఆ జిడ్డు ప్లాస్టిక్ రీల్ గాడుల్లో మిగిలిపోయి, తర్వాతి రోల్ డెవలపర్‌లో నురగ కడుతుంది. 290 దగ్గర ద్రవం మట్టం సరిగ్గా రీల్ పై అంచు దగ్గరే. నురగ బుడగలు అక్కడే ఫిల్ము అంచుకు అతుక్కుంటాయి. మీ చంద్రవంకలు ఆ బుడగల ముద్రలు. రీల్‌లోకి ఫిల్ము ఎక్కించేటప్పుడు మధ్యలో పట్టేస్తుంటే దానికీ కారణం ఇదే కావచ్చు.

ఇక మీదట ఫిల్మును రీల్ నుంచి విప్పి, వేరే గిన్నెలో, డిస్టిల్డ్ వాటర్‌లో కొలిచి పోసిన వెటింగ్ ఏజెంట్‌లో ముంచండి. రీల్‌కీ ట్యాంక్‌కీ ఆ మందు తగలనివ్వద్దు. ఇప్పుడున్న రీల్‌ని వేడి నీళ్లలో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో గాడి గాడీ రుద్దండి. మరిగే నీళ్లు వద్దు, రీల్ వంకర పోతుంది. ట్యాంక్‌లో రెండో రీల్ ఖాళీగా పైన పెట్టి 580 పోయండి. కింది రీల్ జారదు, నురగ వచ్చినా ఫిల్ముకు దూరంగా పైన తేలుతుంది. సగానికి సగం నీళ్లు కలిపిన డీ-76 లో కోడాక్ ఒక రోల్‌కి 473 మిల్లీలీటర్లు ఉండాలంటుంది, అందులో సగమే పోస్తే సమయం 10 శాతం పెంచమంటుంది. కాబట్టి 580 వృథా ఏమీ కాదు. నెగటివ్‌లు ఒక వెంట్రుకవాసి చిక్కబడొచ్చు, భయపడకండి.

మూత కారడం గురించి: మూత పెట్టాక నడుమ నొక్కి గాలి బయటకు పంపి, అప్పుడు అంచు బిగించండి. లోపల గాలి ఒత్తిడి లేకపోతే చొక్కా బతుకుతుంది.

మొదటిరోల్:
ముఖ్యమైన రోల్ కడిగేశాను. 580, పైన ఖాళీ రీల్, నిమిషానికి నాలుగు నిదానపు తిరగేతలు. డెవలపర్ పారబోస్తే నీళ్లలా వచ్చింది, ఒక్క బుడగ లేదు. ఫిక్సర్ (బొమ్మను స్థిరపరిచే మందు) అయ్యాక ట్యాంక్ తెరిచి, తడి ఫిల్మును దీపానికి అడ్డంగా పట్టుకుని ముందు ఆకాశం ఉన్న ఫ్రేమే వెతికాను. కింది నుంచి పై దాకా ఒకే బూడిద రంగు. కొంచెంసేపు అలా పట్టుకునే ఉన్నాను, నీళ్లు మోచేతి దాకా కారుతున్నా.

ఒక్క చిన్న సందేహం. ఆరాక ఏడో ఫ్రేములో గుండ్రటి మచ్చ ఒకటి ఉంది, నీటి చుక్క ఎండినట్టు. ఇదీ డెవలప్‌మెంటేనా?

థర్మామీటర్:
మెరిసే వైపా, మసక వైపా? దీపం కింద వంచి చూడు. మెరిసే వైపు అయితే నోటితో ఆవిరి ఊది మైక్రోఫైబర్ గుడ్డతో మెల్లగా తుడువు, పోతుంది. మసక వైపు ఎమల్షన్ ఉంటుంది, గుడ్డ పెట్టకు. మళ్లీ నీళ్లలో నానబెట్టి ఆరబెట్టు. ఆ వైపు చుక్క నిలిచి ఎండితే కొన్నిసార్లు మచ్చ ఉండిపోతుంది కూడా.

మొదటిరోల్:
మెరిసే వైపే. పోయింది.

లైట్‌మీటర్:
ఇన్ని రోజులూ చదువుతూ ఊరుకున్నాను. ఇవాళ నా పాత నెగటివ్‌లు, అదే "అచ్చం ఇలాగే" వచ్చాయన్నవి, బయటకు తీసి భూతద్దంతో చూశాను. రంధ్రాల మధ్య అద్దంలా తేటగా ఉంది. ఆ చారల కోసం నేను ఫోమ్ మార్చిన కెమెరాలు మూడు.

నాదీ రెండు రీల్స్ ట్యాంకే. అందులో ఒక్క రీల్, 290. లూప్‌కన్ను గారూ, ఆ ఖాళీ రీల్ కింద పెట్టాలా, పైన పెట్టాలా?

లూప్‌కన్ను:
పైన.